మూడో అక్షరం: గ్రీకు కంచు నాణేల ఊరు పట్టుకోవడం

అందరికీ నమస్కారం. వెనక వరుసలో వాళ్లకు వినబడుతోందా? సరే. తెర సరిగ్గా కనబడకపోతే ముందుకు వచ్చేయండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

ముందు ఈ ఫొటో చూడండి. ఏం కనబడుతోంది? ఎవరైనా చెప్పండి. అవును, నల్లగా, అక్కడక్కడా ఆకుపచ్చగా ఒక బిళ్ల. ఇంకా? ఇంకేమీ లేదంటున్నారు. మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు నేనూ అంతే అనుకున్నాను. వెడల్పు 21 మిల్లీమీటర్లు, బరువు ఏడున్నర గ్రాములు. అంటే వెడల్పులో మన రూపాయి బిళ్లంత, బరువులో రెండు రూపాయి బిళ్లలంత. దాదాపు 2100 ఏళ్ల కిందట నల్లసముద్రం దక్షిణపు ఒడ్డున, ఇప్పటి టర్కీలో, దీంతో ఎవరో ఏదో కొనుక్కున్నారు. ఏ ఊళ్లో? ఇవాళ నా మాటంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే. ఈ బిళ్ల దగ్గరికి మళ్లీ వస్తాను, మర్చిపోకండి.

గ్రీకు నాణేలు అనగానే అందరికీ వెండివే గుర్తొస్తాయి. ఏథెన్స్ గుడ్లగూబ, అలెగ్జాండర్ వెండి నాణెం, సిరక్యూస్ వాళ్ల గుర్రపు రథం. అందమైనవే, కాదనను. కానీ వెండి విలువ వెండిలోనే ఉంది. ఏథెన్స్‌లో కొట్టిన గుడ్లగూబ ఈజిప్టులో చెల్లింది, సిరియాలో చెల్లింది, ఎక్కడ తూస్తే అక్కడ చెల్లింది. కంచు అలా కాదు. కంచు నాణేనికి విలువ ఎక్కణ్ణుంచి వచ్చింది? ఆ ఊరు ఇచ్చిన మాట నుంచి వచ్చింది. ఊరి పొలిమేర దాటితే ఆ మాటకు బలం లేదు. ఏథెన్స్ లెక్కలో ఎనిమిది ఖల్కోయ్‌లు, అంటే కంచు బిళ్లలు, ఒక ఒబోల్, ఆరు ఒబోల్‌లు ఒక ద్రాఖ్మా. అంటే ఒక్క వెండి ద్రాఖ్మాకు నలభై ఎనిమిది కంచు బిళ్లలు. మన పెద్దవాళ్లు కాణీ, దమ్మిడీ అనేవాళ్లే, అలాంటి చిల్లర అన్నమాట.

ఈ మాట బలం ఎంతో చెప్పడానికి ఒక సంగతి. క్రీ.పూ. 390ల నాటి అరిస్టోఫనీస్ హాస్యనాటకం ఒకటుంది. అందులో ఒకాయన ద్రాక్షపళ్లు అమ్ముకుంటాడు. వచ్చిన కంచు డబ్బులు నోట్లో పెట్టుకుంటాడు. నవ్వకండి, చిల్లర బుగ్గన పెట్టుకోవడం అక్కడ మామూలే. పిండి కొందామని బజారుకు వెళ్లి సంచి చాపాడు. అప్పుడే దండోరా వినబడింది: ఇక మీదట కంచు ఎవరూ పుచ్చుకోవద్దు, వెండే చెల్లుతుంది! మన 2016 నవంబరు 8 రాత్రి గుర్తొచ్చిందా? నాకైతే అది చదివిన ప్రతిసారీ గుర్తొస్తుంది. ఆయన నోట్లో ఉన్నది ఒక్క మాటతో ఉత్త లోహమైపోయింది.

అందుకే చెబుతున్నాను, కంచు నాణెం సాధారణంగా పుట్టిన చోటు విడిచి పెద్దగా దూరం పోదు. సైన్యంతో కొంత పోతుంది, వర్తకుడి సంచిలో కొంత పోతుంది. చాలావరకు ఆ ఊరి చుట్టుపక్కలే తిరిగి, అక్కడే మట్టిలో పడిపోతుంది. కాబట్టి నాణేన్ని అడగాల్సిన మొదటి ప్రశ్న ఏమిటి? బొమ్మ ఎవరిది అని కాదు. నువ్వు ఎక్కడ దొరికావు అని. ఆ జవాబు దొరికితే సగం పని అయిపోయినట్టే. మనలాంటి వాళ్ల చేతికొచ్చే నాణేలకు చాలాసార్లు లేనిది సరిగ్గా ఆ జవాబే.

ఇంకో చిక్కు కూడా ఉంది. గ్రీకు నాణేల పట్టికలు ఎలా అమర్చారో తెలుసా? పేర్ల వరసలో కాదు, కాలం వరసలో కాదు. 18వ శతాబ్దం చివర వియన్నాలో యోసెఫ్ ఎక్‌హెల్ అనే పండితుడు ఒక క్రమం స్థిరపరిచాడు. స్పెయిన్‌తో మొదలుపెట్టి, మధ్యధరా సముద్రం చుట్టూ గడియారం ముల్లు తిరిగినట్టు తిరిగి, గాల్, ఇటలీ, సిసిలీ, మాసిడోనియా, గ్రీసు, ఆసియా మైనర్, సిరియా, ఈజిప్టు, చివరికి ఆఫ్రికా వాయవ్య మూల. ఇప్పటికీ దాదాపు అదే పద్ధతి. చక్కటి పద్ధతే. కానీ ఊరు తెలిస్తేనే ఏ పేజీ తీయాలో తెలుస్తుంది. ఊరు తెలియకే కదా మనం పుస్తకం తీసేది?

సరే, ఇక నాణెం దగ్గరికి పోదాం. ముందు బొమ్మ వైపు. ఇక్కడ చాలామంది తొందరపడతారు. శిరస్త్రాణం పెట్టుకున్న ఆడ తల కనబడగానే "అథీనా! అయితే ఏథెన్స్!" అంటారు. అయ్యా, అథీనా తలను ముద్రించిన ఊళ్లు ఎన్నో ఉన్నాయి. అపోలో తల అంతే, జ్యూస్ తల అంతే, సింహం తోలు కప్పుకున్న హెరాక్లిస్ తల అంతే. బొమ్మ వైపు దేవుడు అందరి దేవుడు. బొరుసు వైపు తిప్పండి, ఊరు అక్కడ మాట్లాడుతుంది. ఎఫెసస్ అయితే లేడి లేదా తేనెటీగ. కొరింత్ అయితే త్రిశూలం, రెండో వైపు రెక్కల గుర్రం. పాంటికపేయాన్ అయితే గ్రిఫిన్, అంటే గద్ద తల ఉన్న సింహం.

కొన్ని ఊళ్లు ఇంకా ముందుకెళ్లి తమ పేరునే బొమ్మగా వేశాయి. గ్రీకులో రోడోన్ అంటే గులాబీ. రోడ్స్ దీవి నాణెం మీద గులాబీ. సెలినోన్ అంటే అడవి కొత్తిమీరలాంటి ఒక ఆకు. సెలినస్ నాణెం మీద ఆ ఆకు. సీదే అంటే దానిమ్మ, సీదే పట్టణపు నాణెం మీద దానిమ్మ పండు. ఫోకే అంటే సముద్రపు సీల్, ఫోకేయా మీద సీల్. ఆలోచించండి, చదువురాని వాడు కూడా బిళ్ల చూసి ఊరి పేరు పలకగలడు. ఒల్బియా వాళ్లయితే ఏకంగా నాణేన్నే డాల్ఫిన్ ఆకారంలో పోతపోశారు. గుండ్రంగా లేదని ఎవరూ పక్కన పారేయకూడదు సుమా!

ఇప్పుడు రాత. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది. నాణెం మీద "సిరక్యూస్" అని రాసి ఉండదు. "సిరకోసియోన్" అని ఉంటుంది. అంటే "సిరక్యూస్ వాళ్ల" అని. షష్ఠీ విభక్తి! రాజు నాణెమైతే "ఫిలిప్పూ", అంటే ఫిలిప్పు యొక్క. "బసిలెయోస్", అంటే రాజు యొక్క. ఎవరిది? రాజుది. ఎవరిది? ఊరి వాళ్లది. మనకు ఇది కొత్త కాదు. మన శాతవాహనుల నాణెం మీద ఏముంటుంది? "రఞో సిరి సాతకణిస". చివర ఆ "స" ఏమిటి? అదీ షష్ఠే, రాజు శ్రీ సాతకర్ణి యొక్క. గ్రీకులో చివరి అక్షరాలు "ఓన్" అని ముగిస్తే జనం, ఊరి వాళ్లు. "ఊ" అనో "ఓస్" అనో ముగిస్తే ఎక్కువగా ఒక మనిషి, లేదా ఊరి పేరే. అరిగిన నాణెం మీద చివరి రెండు అక్షరాలే మిగిలినా ఇంత సమాచారం ఉంది.

కానీ ఇంగ్లీషు చదివిన కంటిని గ్రీకు అక్షరాలు మోసం చేస్తాయి. ఇంగ్లీషు పి లా కనబడేది గ్రీకులో ర. హెచ్ లా కనబడేది దీర్ఘపు ఏ. ఎక్స్ లా కనబడేది ఖ. రోడ్స్ చిన్న నాణెం మీద గులాబీకి అటూ ఇటూ రెండు అక్షరాలుంటాయి. మనవాళ్లు దాన్ని "పో" అని చదివి, పో తో మొదలయ్యే ఊళ్లన్నీ వెతుకుతారు. అది "రో"! సిగ్మా అనే స అక్షరం మన 3 అంకెను అద్దంలో చూసినట్టు ఉంటుంది. కాలం గడిచాక అదే నెలవంకలా గుండ్రమైంది. నెలవంక సిగ్మా కనబడితే, నాణెం కాస్త తర్వాతి కాలానిదేమో అని ఆలోచించాలి. ఇరవై నాలుగు అక్షరాలు, అంతే. మన యాభై ఆరు నేర్చుకున్నవాళ్లం, ఒక వారం కూర్చుంటే వచ్చేస్తాయి.

ఇప్పుడు మన నల్ల బిళ్ల. లైటు పక్కనుంచి వేసి తీసిన ఫొటో ఇది. ఇప్పుడేం కనబడుతోంది? బొమ్మ వైపు అంచుల్లో మడతలు మడతలుగా ఒక తోలు, మధ్యలో ఒక ముఖం. అది ఏజిస్, అథీనా ధరించే మేకతోలు రక్షణ. మధ్యలో ముఖం గోర్గోన్‌ది, పాముల జుట్టు రాక్షసి. బొరుసు వైపు రెక్కలున్న స్త్రీ నడిచి వెళుతోంది, భుజం మీద తాటి మట్టలాంటి కొమ్మ. నీకే, విజయదేవత. ఈ జంట బొమ్మలు ఎవరివి? నల్లసముద్రం దక్షిణపు ఒడ్డున ఉన్న పాంటస్ రాజ్యపు రాజు ఆరో మిత్రిడాటిస్ కాలానివి. క్రీ.పూ. 120 నుంచి 63 దాకా ఏలినవాడు, రోమ్‌తో మూడు యుద్ధాలు చేసినవాడు. కాలం దొరికింది, రాజ్యం దొరికింది. మరి ఊరు? ఇక్కడే ఉంది అసలు పరీక్ష. ఇవే బొమ్మలు, ఇదే పరిమాణం, అమిసోస్‌లో కొట్టారు, సినోపేలో కొట్టారు, అమాస్ట్రిస్‌లో కొట్టారు, కొమనాలో, కబేరాలో కూడా కొట్టారు. తేడా ఒక్క పేరులోనే. ఆ పేరు దేవతకు ఎడమవైపు సగం, కుడివైపు సగం ఉంటుంది.

చూడండి. సినోపే అయితే మొదటి అక్షరమే సిగ్మా, చివర "పేస్". కొమనా, కబేరా అయితే మొదట క, చివర "ఓన్". ఇవి తేలికే. చిక్కంతా అమిసోస్‌కీ అమాస్ట్రిస్‌కీ మధ్య. రెండూ అల్ఫా, ము తోనే మొదలవుతాయి. అ, మ. మూడో అక్షరం? అమిసోస్‌కు ఇయోటా, ఒక్క నిలువు గీత. అమాస్ట్రిస్‌కు మళ్లీ అల్ఫా, రెండు ఏటవాలు గీతలు. అమిసోస్ నాణేలు విరివిగా దొరుకుతాయి, అమాస్ట్రిస్‌వి అంత విరివిగా దొరకవు.

నేను ఈ బిళ్లను విదేశంలో ఉద్యోగం చేసే రోజుల్లో ఒక నాణేల సంతలో కొన్నాను. డబ్బా నిండా కంచు బిళ్లలు, ఎంచుకున్నన్ని తీసుకోవచ్చు. ఇంటికొచ్చి చూశాను. అ, మ కనబడ్డాయి. ఇంకేముంది, అమిసోస్! కవరు మీద రాసేశాను. రెండేళ్లు అలాగే ఉంది. ఒకరోజు రాత్రి కరెంటు పోయింది. టార్చిలైటు బల్ల మీద పడుకోబెట్టి ఉంది, ఆ వెలుగులోనే డబ్బా సర్దుతున్నాను. వెలుతురు నాణెం మీద దాదాపు అడ్డంగా పడింది. మూడో అక్షరం దగ్గర నీడ నిలువుగా లేదు. ఏటవాలుగా ఉంది. చేతిలో నాణేన్ని మెల్లగా తిప్పాను. ఇంకో ఏటవాలు గీత, మొదటిదాన్ని పైన కలుస్తూ. అల్ఫా! దాని పక్కన సిగ్మా మూల ఒక్కటి. నేను రెండేళ్లు సమ్సున్ అనుకున్నది అమస్రా. అమిసోస్ ఇప్పటి సమ్సున్, అమాస్ట్రిస్ ఇప్పటి అమస్రా. క్రీ.పూ. 300 ప్రాంతంలో అమాస్ట్రిస్ అనే పారశీక రాజకుమార్తె నాలుగు చిన్న ఊళ్లను కలిపి తన పేరుతో కట్టిన పట్టణం. ఒక రాణి పేరును నేను రెండేళ్లు కవరు కింద పూడ్చిపెట్టాను. అప్పటినుంచి మూడో అక్షరం చూడకుండా ఏ కవరు మీదా పేరు రాయను.

మీరు అడగవచ్చు, ఆ బిళ్ల ఎక్కడ దొరికిందో రాసి ఉంటే ఈ బాధ ఉండేదా అని. ఉండేది కాదు! అమస్రా పక్కన తవ్వితే దొరికిందని ఒక్క ముక్క ఉంటే చాలు. ఆ డబ్బాలోని వందలాది బిళ్లల్లో ఒక్కదానికీ ఆ ముక్క లేదు. అది ఆలోచిస్తే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఆ బిళ్లను కొన్నవాణ్ణి నేనే కాబట్టి ఆ బాధలో నా వంతూ ఉంది. అప్పటినుంచి అలాంటి డబ్బాల జోలికి పోవడం మానేశాను.

రాజుల నాణేల గురించి కొంచెం చెప్పి ముందుకు పోతాను. రెండో ఫిలిప్పు, అలెగ్జాండర్ నాన్నగారు, ఆయన కంచు నాణెం చాలా విరివి: అపోలో తల, గుర్రం మీద కుర్రవాడు, పైన "ఫిలిప్పూ". అలెగ్జాండర్ తర్వాత మాసిడోనియాను ఏలిన కసాండర్‌కూ గుర్రపు రౌతు ఉంది, కాని బొమ్మ వైపు హెరాక్లిస్, రాత వేరు. ఈజిప్టు టాలెమీలతో ఇంకో ఇబ్బంది. రాజులందరి పేరూ టాలెమీయే. అందరూ "ప్తోలెమాయూ బసిలెయోస్" అనే రాశారు, అందరూ పిడుగు మీద నిలబడ్డ గద్దనే వేశారు! అక్కడ చిన్న గుర్తులే దిక్కు. మూడో టాలెమీ, క్రీ.పూ. 246 నుంచి 222, ఆయన పెద్ద నాణేల మీద గద్ద కాళ్ల మధ్య ఒక ముడి అక్షరం ఉంటుంది, ఖి, రో కలిపి రాసినది. తర్వాతెప్పుడో క్రైస్తవులు వాడిన గుర్తు లాగే ఉంటుంది కానీ, ఏసుక్రీస్తుకు రెండు వందల ఏళ్ల పైచిలుకు ముందుది. ఆ బిళ్లలు 40 మిల్లీమీటర్లు దాటతాయి, కొన్ని 70 గ్రాములు కూడా. అరచేతిలో పెట్టుకుంటే బరువు తెలుస్తుంది. బిళ్లకు రెండు వైపులా సరిగ్గా మధ్యలో ఒక చిన్న గుంట. బొమ్మ పూర్తిగా అరిగిపోయినా సరే, మధ్యలో ఆ గుంట, ఆ బరువు కనబడితే ముందు ఈజిప్టు వైపు చూడండి.

సిరియాను ఏలిన సెల్యూకస్ వంశం వాళ్లు క్రీ.పూ. 2వ శతాబ్దంలో కొన్ని నాణేలకు అంచు రంపపు పళ్లలా చేశారు. అదీ వేలితో తడిమి చెప్పవచ్చు. ఇంకా గొప్ప విషయం, వాళ్లు సంవత్సరం రాశారు. అంకెలతో కాదు, అక్షరాలతో. ఏడో ఆంటియోకస్ చిన్న కంచు నాణెం ఇది. ఒక వైపు రెక్కల ఎరోస్, మన మన్మథుడు అనుకోండి. రెండో వైపు ఐసిస్ దేవత కిరీటం. కింద మూడు అక్షరాలు: ఎప్సిలాన్, ఒమిక్రాన్, రో. ఎప్సిలాన్ 5, ఒమిక్రాన్ 70, రో 100. మొత్తం 175. వాళ్ల శకం క్రీ.పూ. 312 శరత్కాలంలో మొదలు, 312 ఒకటో ఏడాది కాబట్టి 313 లోంచి తీసేయండి. ఎంత? 138. ఆ అమ్మాయి చటుక్కున చెప్పేసింది, శభాష్! వాళ్ల ఏడాది శరత్తులో మొదలయ్యేది కాబట్టి క్రీ.పూ. 138-137 అంటాం. రెండు వేల ఏళ్ల కిందటి చిల్లర బిళ్లకు పుట్టిన సంవత్సరం చెప్పగలిగాం, ఇప్పుడే, ఈ హాల్లో.

బరువు గురించి ఒక్క మాట. వెండికి బరువు ప్రాణం. కంచుకు అంత కాదు, ఒకే రకం రెండు బిళ్లలు గ్రాము తేడాతో ఉండొచ్చు. అయినా తూచి రాసుకోండి, కొలిచి రాసుకోండి. రెండు బొమ్మలు ఒకదానికొకటి ఏ దిక్కున ఉన్నాయో కూడా చూడండి. కొన్ని టంకశాలల్లో రెండూ ఎప్పుడూ పైకే ఉంటాయి, కొన్నిచోట్ల ఎలా పడితే అలా.

ఇప్పుడు చేతులు జోడించి చెప్పేది ఒకటుంది. చింతపండు పెట్టి తోమకండి! మన ఇళ్లల్లో రాగి చెంబు, ఇత్తడి కుంది కనబడితే చింతపండు చేత్తో పట్టుకునే అలవాటు. తళతళలాడుతుంది నిజమే. కానీ ఈ ఆకుపచ్చ పొర ఉందే, అక్షరం ఆ పొరలోనే ఉంది. లోపలి లోహం ఎప్పుడో తినేసుకుపోయింది, గీత ఆ పొర మీదే నిలిచింది. పులుపుతో పొర పోతే మూడో అక్షరం పోయినట్టే. శుద్ధి చేసిన నీళ్లలో, డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టండి, నీళ్లు మారుస్తూ రోజుల తరబడి. లేత ఆకుపచ్చగా పిండిలా పొడి రాలుతుంటే మాత్రం అది జబ్బు, లవణాలు తేమతో కలిసి లోహాన్ని తింటున్నాయి. దాన్ని మిగతావాటి నుంచి విడదీసి, పొడిగా ఉంచండి.

ఇవన్నీ దూరదేశపు కబుర్లు అనుకునేవాళ్ల కోసం ఈ ఫొటో. నలుచదరపు కంచు నాణెం. ఒక వైపు ఏనుగు తల, రెండో వైపు హెరాక్లిస్ గద. ఒక వైపు గ్రీకులో "బసిలెయోస్ సోతేరోస్ మెనాండ్రూ". రెండో వైపు అప్పట్లో వాయవ్య భారతంలో వాడిన ఖరోష్ఠీ లిపిలో, ప్రాకృతంలో "మహరజస త్రతరస మెనద్రస". రాజు, రక్షకుడు, మెనాండర్ యొక్క. వాయవ్య భారతాన్ని ఏలిన గ్రీకు రాజు ఈయన, బౌద్ధులు మిలిందుడు అన్నది ఈయన్నే. 1830ల్లో చార్లెస్ మాసన్ అనే ఆయన కాబూల్ దగ్గర బెగ్రామ్ మైదానంలో ఇలాంటి నాణేలు వేల కొద్దీ సేకరించాడు. ఆయన చేసిన గొప్ప పని సేకరించడం కాదు. ఎక్కడ దొరికాయో రాశాడు. రెండు వైపులా ఉన్నవి ఒకే పేర్లని గమనించి చెప్పాడు. ఆ పేర్లు పట్టుకునే కలకత్తాలో జేమ్స్ ప్రిన్సెప్ అనే పండితుడు ఖరోష్ఠీ అక్షరాలు విప్పాడు. చదవడం మర్చిపోయిన ఒక లిపి చిల్లర నాణేల మీది షష్ఠీ విభక్తి దయవల్ల మళ్లీ నోరు విప్పింది.

మన దగ్గర పొలం దున్నుతుంటే ఏదైనా బయటపడితే, 1878 చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి. పాత వస్తువుల వ్యాపారానికి 1972 చట్టం ఉంది. నాకు చట్టం కంటే ముందు ఒకటి కావాలి. ఏ గట్టు పక్కన, ఎంత లోతులో, ఏ కుండపెంకుల మధ్య దొరికిందో ఒక కాగితం మీద రాయండి. ఆ రోజే రాయండి.

ఇక లైట్లు వేయండి, ఆ పెద్ద లైటు వద్దు, పక్కది చాలు. బల్ల మీద ఒక పళ్లెం పెట్టాను. అందులో మూడు బిళ్లలున్నాయి, మూడూ అ, మ తో మొదలయ్యేవే, కవర్ల మీద పేర్లు తీసేశాను. టార్చిలైటు అక్కడే ఉంది, బల్ల మీద పడుకోబెట్టి వాడండి. బిళ్లను అంచులతో పట్టుకోండి, ముఖం మీద వేలు ఆనించకండి. ముందు వరుస నుంచి ఒక్కొక్కరే రండి. మూడో అక్షరం ఏమిటో పైకి చెప్పకండి, చీటీ మీద రాసి నాకివ్వండి.